నిండు కేక

మా కాలువలో పడవవాళ్ళు మలుపుల దగ్గర వేసే కేకను కాగితం మీద పెట్టాలని చాలాసార్లు ప్రయత్నించాను. ‘ఓ’ అని రాస్తే అది ఓ కాదు. పక్కన సున్న చుడితే ముక్కులోంచి వచ్చినట్టు ఉంటుంది. మావాళ్ళ కేక పొట్టలోంచి వస్తుంది. నాకు అక్షరాలు తల నెరిశాక వచ్చాయి కాబట్టి లోపం నాదేనేమో అనుకుని, వాటిని నాకు నేర్పిన నా కూతుర్నే అడిగాను. అదీ రాసి చూసి కొట్టేసింది. “ఇది రాసేది కాదమ్మా, వినేది” అంది.

మా కాలువ సన్నటిది. రెండు పక్కలా మనిషిని మించిన జమ్ము. మలుపు అవతల ఏం వస్తోందో కంటికి ఆనదు. అందుకని మలుపు రాకముందే కేక వెయ్యాలి. సరుకుతో వచ్చే పడవ వెంట వెంటనే రెండు కేకలు వేస్తుంది. అది నిండు కేక. ఖాళీ పడవ ఒకటే పొడుగు కేక వేసి, గట్టుకు ఒరిగి, అవతలినుంచి నిండు పడవ వస్తే అది దాటిపోయేదాకా ఆగుతుంది. రెండూ నిండువే అయితే వాలుకు వచ్చేదానిది దారి, ఎదురెక్కేది ఆగాలి. ఇంతే చట్టం. దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ దాటలేదు.

మా ఆయన పోయాక పడవ తోసే గెడ మా మరిది చేతికి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. ఊళ్ళో అతన్ని నిదానం అనేవాళ్ళు. ఏ పనికీ తొందరపడడు. పిలిస్తే రెండో పిలుపుకో మూడో పిలుపుకో పలుకుతాడు. కొందరు పొగరన్నారు. అన్న పోయిన దిగులు ఇంకా తీరలేదని నేను సరిపెట్టుకున్నాను.

ఆ ఏడు వానలు వెనకపట్టి, కాలువ నిండుగా ఉన్న రోజుల్లో టోపీ ఆయన వచ్చాడు. ఎండ ఉన్నా లేకున్నా టోపీ తియ్యడు కాబట్టి అదే పేరయింది. పట్నం మనుషుల్ని పొద్దున్నే మా ఊరికి తెచ్చి, చాపలల్లే ఇళ్ళు చూపించి, పడవెక్కించి, తాళ్ళు పేనే ఊరి మీదుగా పైనున్న కుండల ఊరికి తీసుకెళ్ళి, అక్కడ వాళ్ళ చేతే చక్రం తిప్పించి, పొద్దుగూకేలోపల తిరిగి దింపెయ్యాలి. అదీ ఆయన ఏర్పాటు. పడవ మాది. దారి పొడుగునా చెప్పే మనిషి నా కూతురు. చదువుకుని ఇంట్లో కుట్టుమిషను ముందు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న పిల్ల, పడవెక్కేసరికి దాని నోటికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. గడ్డిపరకను చూపించి కూడా కథ చెప్పేది. జనం నోరు తెరుచుకుని వినేవాళ్ళు.

పడవకు కట్టిన బోర్డును నేను కూడబలుక్కుని చదివాను. పక్కనున్నవాళ్ళకు వినపడేట్టు, కాస్త గర్వంగానే, “పడవ వివాహం” అన్నాను. నా కూతురు గట్టుమీద కూలబడి నవ్వింది. అది విహారం అట. మా మరిది బోర్డును చూసి, నన్ను చూసి, “ఈ వయసులో నాకెందుకు వదినా, ఇంకెవరికైనా చూడు” అన్నాడు. ఆ రోజునుంచి మా ఇంట్లో ఆ ప్రయాణానికి పెళ్ళి అనే పేరు. పెళ్ళివాళ్ళు వచ్చారా, ఇవాళ పెళ్ళి ఎంతసేపు పట్టింది, ఇలా ఉండేవి మా మాటలు.

అసలు పేచీ అక్కడే మొదలైంది. పెళ్ళికి చాలాసేపు పట్టేది. మా మరిది ప్రతి మలుపు దగ్గరా ఖాళీ కేక వేసి, పడవను గట్టుకు తెచ్చి, గెడ దిగేసి నిలబడిపోయేవాడు. అవతలినుంచి పడవ వచ్చినా రాకున్నా తాపీగా కొంతసేపు ఆగి, మెడ సాచి మలుపులోకి చూసుకుని, అప్పుడు కదిలేవాడు. కుండల ఊరు చేరేసరికి చక్రాలు ఆగిపోయేవి, కుమ్మర్లు చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. మట్టి ముట్టుకోవాలని అంతదూరం వచ్చినవాళ్ళకు ఎండుతున్న కుండలు చూసి రావడమే మిగిలేది.

ఒక సాయంత్రం రేవులో టోపీ ఆయన నిలదీశాడు. నీ పడవ నిండా మనుషులుంటే ఖాళీ కేక ఎందుకు వేస్తున్నావని అడిగాడు. నలుగురూ చేరారు. కుండల పడవ నడిపే ముసలాయన పొద్దున తెచ్చిన సరుకు దింపేసి అక్కడే ఉన్నాడు. ఎవరిని ఏమన్నా చెల్లిపోయే నోరు ఆయనది.

మా మరిది టోపీ ఆయన మూతివంకే చూస్తూ అంతా విన్నాడు. “సరుకు దిగి నడవలేదు. మనుషులు నడవగలరు. మనుషులు సరుకు కాదు బాబూ” అన్నాడు.

“అయితే నిన్న మూడో మలుపు దగ్గర నీ పడవ అంచు నీళ్ళు తాగుతోంది కదా, అదీ ఖాళీయేనా నిదానం?” అన్నాడు కుండలాయన. “ఆ లెక్కన మా కుండలూ ఖాళీయే. లోపల చెయ్యి పెట్టి చూసుకో, ఏమీ లేదు.”

రేవంతా నవ్వింది. మనుషులు సరుకు అవునా కాదా అని అక్కడే రెండు పక్షాలు తేలాయి. పెళ్ళాం పుట్టింటినుంచి తిరిగొస్తుంటే అది నిండు పడవేనని ఒకాయన, వెళ్తుంటే ఖాళీయా అని ఇంకొకాయన. టోపీ ఆయన ఒక్కడే నవ్వలేదు. రేపటినుంచి నిండు కేక వేసి మలుపుల్లో ఆగకుండా నడిపితే సరే, లేకపోతే వేరే పడవ మాట్లాడుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు. మా మరిది తల ఊపాడు. ఆ ఊపడం నాకు నచ్చలేదు. నిదానం ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా ఒక మాట అని ఊపేవాడు. ఆ రోజు మాట లేదు.

జనం చెదిరిపోయాక అతను కాలువకు వీపు పెట్టి, గట్టుమీదకి లాగిన చిన్న దోనె పగుళ్ళలో నార కుక్కుతూ కూర్చున్నాడు. నేను తడిపిన తుంగ కట్ట ఎత్తుకుని మెట్లెక్కుతున్నాను. మలుపు అవతలినుంచి గడ్డి పడవ కేక వినపడింది. మా ఊళ్ళో ఆ కేక వినపడితే ఎవరైనా ఒకసారి తల తిప్పుతారు. బట్టలుతుకుతున్న మనిషి తిప్పుతుంది, పాలు తాగే పిల్లాడు తిప్పుతాడు. రెప్ప వెయ్యడం లాంటిది అది. రేవులో ఉన్న తలలన్నీ తిరిగాయి, మా మరిది తల ఒక్కటీ తప్ప.

వెనక నిలబడి “నాయనా” అన్నాను. గట్టిగా అన్నాను. కట్ట దించి, చేతిలో ఉన్న ఇత్తడి బిందెను మెట్లమీద వదిలేశాను. అవతలి గట్టున ఉన్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి చూశారు. అతను నార కుక్కుతూనే ఉన్నాడు. గడ్డి పడవ వచ్చి, దాని అల రేవు మెట్లెక్కి అతని పాదాలు తడిపినప్పుడు మాత్రం తల ఎత్తి, వెనక్కి తిరిగి, పడవాయనకు చెయ్యి ఊపాడు.

బిందెకు సొట్ట పడింది. దాన్ని పట్టుకుని ఇంటికి వచ్చి, చాప ముందు కూర్చుని, ఒక్క పేట కూడా అల్లలేకపోయాను. మనుషులు సరుకు కాదన్న వాదన అంతా ఎందుకో అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు. ఖాళీ కేక వేసినవాడు ఏమీ వినక్కర్లేదు. వేసి, ఒరిగి, కళ్ళు తెరుచుకుని నిలబడితే చాలు. నిండు కేక వేసినవాడే చెవులు రిక్కించాలి. రేపటినుంచి మా మరిది నిండు కేక వేస్తాడు. ఎదురెక్కుతూ వేస్తాడు. ఆ పడవలో నా కూతురు ఉంటుంది, ఎవరెవరి పిల్లలో ఉంటారు.

చెబితే అతని గెడ పోతుంది. గెడ లేని నిదానాన్ని నేను ఊహించుకోలేకపోయాను. అన్న వెంట పిల్లాడిగా పట్టిన కర్ర అది. చెప్పకపోతే ఏదో ఒక మలుపులో మనుషులే పోతారు. కాలు కాలిన పిల్లిలా వంటింట్లోకీ వాకిట్లోకీ తిరిగాను. నా కూతురు చూసి, ఏం పోగొట్టుకున్నావమ్మా అంది. సూది అన్నాను.

తెల్లవారి టోపీ ఆయన రాగానే నేనే ఎదురువెళ్ళాను. చాపలల్లడం ఇళ్ళలో చూపించేబదులు నేను పడవలోనే కూర్చుని అల్లుతాను, వాళ్ళకు దారి పొడుగునా చూసినట్టూ ఉంటుంది, మీకు పొద్దూ కలిసివస్తుంది అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. నా కూతురు మాత్రం అనుమానంగా చూసింది. పడవెక్కితే నాకు కడుపులో తిప్పుతుందని దానికి తెలుసు.

పడవ వెనక, మా మరిది నిలబడే పలకకు ఆనుకుని కింద నా చోటు. ఒళ్ళో తుంగ, కళ్ళు అల్లిక మీద, చెవులు మాత్రం మలుపులో. మొదటి మలుపు ముందు అతను నిండు కేక వేశాడు. పొట్టలోంచి రెండు కేకలు, మా ఆయన కేకలాగే. అటునుంచి ఏమీ రాలేదు. దాటాం. రెండో మలుపులో అవతలినుంచి నిండు కేక వచ్చింది, దూరంగా. అతను గెడ తొయ్యబోతున్నాడు. నేను వేలి కణుపుతో అతని మడమ మీద నొక్కాను.

అతను కిందికి చూశాడు. నేను అల్లిక మీదనుంచి తల ఎత్తలేదు. అతను గెడ దిగేసి పడవను గట్టుకు ఒరిగించాడు. కుండల పడవ వాలులో జారుకుంటూ వచ్చి, “సరుకు అయ్యారన్నమాట” అని మా జనాన్ని పలకరించి పోయింది.

ఆ తర్వాతి మలుపు దగ్గర, కేక వెయ్యబోయేముందు, అతని పాదం దానంతట అదే జరిగి నా చేతి పక్కకు వచ్చి ఆగింది.

మేమిద్దరం దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. పెళ్ళి సవ్యంగా సాగింది. కుండల ఊరికి పొద్దుండగానే చేరేవాళ్ళం. పట్నం వాళ్ళు మోచేతులదాకా మట్టి పూసుకుని, వంకర గిన్నెలు చేసి, వాటిని చంటిపిల్లల్లా ఎత్తుకుని వచ్చేవాళ్ళు. నాకు మాత్రం మనసు ఒకచోట నిలిచేది కాదు. ఇంట్లో ఉన్నా చెవులు కాలువ మీదే. ఎవరైనా నాతో మాట్లాడుతుంటే వాళ్ళ మాట వెనక ఇంకేదైనా వినపడుతోందా అని వెతుక్కునేదాన్ని. నా చాపలు ఎడమ పక్కకు లాగాయి. అన్నంలో ఉప్పు రెండుసార్లు పడేది.

నేను భయపడ్డది మా మరిది చెవుల గురించి. దెబ్బ నా చెవులకు తగిలింది.

నా కూతురు మంచి మనసుతోనే చేసింది ఆ పని. జనానికి కేక నచ్చింది కదా అని, నేర్పడం మొదలుపెట్టింది. మలుపు వచ్చేముందు అందరూ కలిసి వెయ్యండి అనేది. పెద్దవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచేవాళ్ళు, పిల్లలు ఈలలు వేసేవాళ్ళు, ఒకళ్ళ కేకను ఇంకొకళ్ళు వెక్కిరించేవాళ్ళు. మలుపు దాటినా ఆగేది కాదు. వద్దనమని దానికి చెప్పబోయాను. ఎందుకు అని అడిగితే ఏం చెప్పాలో తెలియక, తల నొప్పిగా ఉందన్నాను. “పెళ్ళన్నాక మేళాలు ఉండవా అమ్మా” అంది.

ఆ రోజు పడవలో ఒక పెద్ద కుటుంబం ఎక్కింది, అందరివీ పెద్ద గొంతులే. మూడో మలుపు అన్నిటికంటే ఇరుకు. మా మరిది కేక వేశాడు, వెనకే పడవంతా కేకలు వేసింది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఎన్ని కేకలో. ఏది ఇవతలిది, ఏది అవతలిది? ఒక కేక మిగతావాటికంటే కిందనుంచి వచ్చినట్టు అనిపించింది. అది కుండలాయనదా, ముందు కూర్చున్న బొంగురు గొంతు పెద్దాయనదా? అతని పాదం నా చేతి పక్కనే ఉంది. నా వేలు లేచి ఆగిపోయింది. నేను నొక్కలేదు కాబట్టి అతను గెడ వేసి తోశాడు.

జమ్ము చీల్చుకుని కుండల పడవ ముక్కు కనపడింది. నేను తుంగ పారేసి రెండు చేతులతో అతని కాలి పిక్క పట్టుకున్నాను. అతను గెడను పక్కకు గుచ్చి మొత్తం బరువు దానిమీద వేశాడు. మా పడవ అడ్డంగా తిరిగి జమ్ములోకి దూసుకుపోయింది. కుండల పడవ మా అంచును గీసుకుంటూ పోయి, అవతల గట్టుకు తగిలి ఆగింది. పైవరసలో ఒక బాన దొర్లి నీళ్ళలో పడి, బుడగలు వేస్తూ నెమ్మదిగా మునిగింది. మా వాళ్ళకు జమ్ము ఆకులు కోసుకుని చేతులు గీరుకుపోయాయి. అంతకుమించి ఏమీ కాలేదు.

కుండలాయన ఇటు తిరిగాడు. “చెవుడా నీకు?” అన్నాడు.

అది మా వైపు రోజుకు పదిమందిని పదిమంది అనే మాట. కాని ఆ మాటకు నా కూతురు ముందునుంచి వెనక్కి తిరిగి చూసింది. బాబాయిని చూసింది. తర్వాత అతని కాలిని పట్టుకుని ఉన్న నా చేతుల్ని చూసింది. నేను వదలడం మర్చిపోయాను.

“తప్పు నాదే” అన్నాడు మా మరిది, కుండలాయన మూతివంక చూస్తూ.

ఆ సాయంత్రం మా మరిది గోడవైపు తిరిగి అన్నం తింటున్నాడు. నా కూతురు గిన్నె పట్టుకుని అతని వెనక నిలబడింది. “బాబాయ్” అంది, మెల్లగా. ఇంకోసారి, మామూలుగా. అతను తింటున్నాడు. అది అలాగే కాసేపు నిలబడి, చుట్టూ తిరిగి వచ్చి, అతని ఎదురుగా గోడకూ అతనికీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. “ఇంకొంచెం పెట్టనా బాబాయ్?” అంది.

“చాలమ్మా” అన్నాడు.

తర్వాత ఎప్పుడూ అది అతనితో వెనకనుంచి మాట్లాడలేదు. కాని దాని మనసులో ఏముందో ఆ పూట నాకు తెలియదు. తెల్లవారి తుంగ తీసుకుని రేవుకు బయలుదేరుతుంటే, “నువ్వు ఇంట్లో ఉండమ్మా ఇవాళ” అంది.

“ఎందుకు?”

“అక్కడ నీ అవసరం లేదు.”

“టోపీ ఆయనకు చెప్పావా?”

“నిన్నటి సంగతి ఆయనకు మొత్తం తెలుసు కదా” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఏ సంగతి తెలుసో చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే అవునంటుందేమోనని భయం.

చాప ముందు కూర్చున్నాను, లేచాను. పొయ్యి వెలిగించాను, ఆర్పాను. ఇవాళ గెడ ఎవరి చేతిలో ఉందో తెలియకుండా ఎసరు పెట్టడం నావల్ల కాలేదు. కాలువ చుట్టు తిరిగి పోతుంది గాని, పొలం గట్లమీద అడ్డంపడి నడిస్తే మూడో మలుపు దగ్గరే. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నడిచాను. దారిలో ఎవరో ఎక్కడికని అడిగారు. పెళ్ళికి అన్నాను.

జమ్ములో మోకాళ్ళదాకా దిగి నిలబడ్డాను. పడవ వస్తోంది. గెడ మా మరిది చేతిలోనే ఉంది. నిన్నటి పలక మీదే నిలబడి ఉన్నాడు. నేను కూర్చునే చోట ఎవరూ లేరు. నా కూతురు ముందు నిలబడి, జనంవైపు తిరిగి చెబుతోంది. దాని గొంతు నీళ్ళమీద స్పష్టంగా వినపడుతోంది.

“ఈ మలుపు దగ్గర మా బాబాయ్ కేక వేస్తాడు. వేశాక ఎవరూ మాట్లాడకూడదు. కదలకూడదు. అవతలినుంచి జవాబు వస్తుందేమో వినాలి. ముందు ఎవరికి వినపడితే వాళ్ళు చెయ్యెత్తండి. ఈ కాలువలో చూడ్డానికొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు గాని, దీన్ని విన్నవాళ్ళు తక్కువ.”

అంతే. బాబాయ్‌కి వినపడదని అనలేదు.

మా మరిది నిండు కేక వేశాడు. పడవ మొత్తం బొమ్మల్లా ఆగిపోయింది. గలగల్లాడే పట్నం మనుషులు అంత నిశ్శబ్దంగా ఉండగలరని నేను అనుకోలేదు. ఒక పిల్ల నోట్లో వేలు తీసేసి మరీ వింటోంది. నీళ్ళు గెడకు కొట్టుకునే చప్పుడు వినపడుతోంది. మా మరిది మలుపువంక చూడటం లేదు. వాళ్ళ చేతులవంక చూస్తున్నాడు.

అప్పుడు వచ్చాయి, దూరంగా, పొట్టలోంచి రెండు కేకలు. నోట్లో వేలు తీసేసిన పిల్ల చెయ్యెత్తింది. వాళ్ళ నాన్న ఎత్తాడు. ఒకావిడ ఎత్తింది. చూస్తుండగానే పడవంతా చేతులు లేచాయి. మా మరిది గెడ దిగేసి, పడవను గట్టుకు, నేను నిలబడ్డ జమ్ముకు బారెడు దూరంలో ఒరిగించాడు. కుండల పడవ తాపీగా మలుపు తిరిగింది. ఎత్తిన చేతుల్ని చూసి కుండలాయన తనకే దండం పెడుతున్నారనుకున్నాడేమో, తనూ ఒక చెయ్యి ఎత్తి ఊపుకుంటూ దాటిపోయాడు.

వాళ్ళకంటే ముందు ఇల్లు చేరాను. సాయంత్రం మా మరిది గెడను చూరు కింద ఆనించి, కాళ్ళు కడుక్కుని, అరుగుమీద కూర్చున్నాడు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. నా చీర అంచు బురద ఇంకా ఆరలేదు.

“ఇవాళ పెళ్ళికి రాలేదేం వదినా?” అన్నాడు.

“పిలవలేదుగా” అన్నాను, పెదాలు బాగా కదిలించి.

అతను నవ్వాడు. “పిలవకపోయినా, జమ్ములో నిలబడి నువ్వూ చెయ్యెత్తావు” అన్నాడు.